మాస్టారి ఈకల ఆల్బమ్: ఒక వైల్డ్‌లైఫ్ కేసు మొదటి నుంచి చివరి దాకా

2019 జూన్‌లో ఒక ఆదివారం పొద్దున్న ఇడ్లీ ప్లేటు ముందు కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది, అవతల ఒక పెద్దావిడ గొంతు. "బాబూ, మీరు ఫారెస్టు కేసులు చూస్తారటగా, మా ఆయన్ని రేపు ఆఫీసుకి రమ్మన్నారు, ఇంట్లో ఈకలున్నాయని. ఈకలకి జైలేటి బాబూ?"

నేను వైజాగ్‌లో క్రిమినల్ ప్రాక్టీసు చేస్తా. ఫారెస్టు కేసులంటే నా దగ్గరికొచ్చేవి ఎక్కువగా కలప, అడవిపంది మాంసం, ఎప్పుడైనా అలుగు పొలుసులు. ఈకల కేసు అదే ఫస్ట్. ఆవిడకి మాత్రం ఏం కాదులెండమ్మా అని చెప్పేసి ఇడ్లీ తినేశాను, తర్వాత చట్టం తీసి చదివితే అలా చెప్పకుండా ఉండాల్సింది అనిపించింది. క్లయింటు సరే అన్నాకే ఇది రాస్తున్నా, మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను, కేసు నడిచిన తీరు మాత్రం ఉన్నదున్నట్టే.

మనిషి 71 ఏళ్ళ రిటైర్డ్ బయాలజీ మాస్టారు, ఎంవీపీ కాలనీలో మేడమీద పోర్షన్. 1980ల నుంచి ఎక్కడికెళ్ళినా కిందపడ్డ ఈక కనిపిస్తే జేబులో వేసుకొచ్చే అలవాటు. వాటన్నిటినీ పాతకాలం పెళ్ళి ఫోటోల ఆల్బమ్‌లో, అదే నల్ల అట్టలు మధ్యలో సాలెగూడు డిజైన్ బటర్ పేపర్ ఉండేది, అందులో ఈక కాడని తెల్లదారంతో రెండు కుట్లు వేసి కుట్టి, కింద చిన్న తెల్ల చీటీ అంటించి దానిమీద నీలి ఇంకుతో పక్షి పేరు, చోటు, తేదీ. "పాలపిట్ట, సింహాచలం మెట్ల దారి, 14-10-1991." "లకుముకి పిట్ట, మేఘాద్రి గెడ్డ, 2-1-1997." ఇలా పేజీలకి పేజీలు, చూస్తే ముచ్చటేస్తుంది, ఒక్క చీటీలో కూడా కొట్టివేత లేదు.

వేసవి సెలవులకి వచ్చిన మనవరాలు దాన్ని పేజీ పేజీ తిప్పుతూ వీడియో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది, తాతయ్య నిధి అని. చీటీలు క్లియర్‌గా చదవొచ్చు. ఎవరో పుణ్యాత్ముడు దాన్ని అటవీ శాఖకి ట్యాగ్ చేశాడు. మూడో రోజు నలుగురు వచ్చారు, మర్యాదగానే వచ్చారు, ఈయన వాళ్ళకి కాఫీ ఇప్పించి ఒక్కో పేజీ తిప్పి గంటన్నర క్లాసు చెప్పాడు! వాళ్ళలో ఒకాయన రాసుకుంటూ కూర్చున్నాడు. చివర్లో మధ్యవర్తుల నామా (సాక్షుల ముందు రాసే జప్తు రికార్డు) రాసి సంతకం పెట్టించుకుని ఆల్బమ్, హాల్లో వేలాడే గిజిగాడి గూడు, ఇత్తడి చెంబులో ఉన్న 11 నెమలీకలు, విడిగా కవర్లో దాచిన 3 పెద్ద ఈకలు తీసుకెళ్ళారు. "పాపం వాళ్ళకి ఆసక్తి ఉంది సార్, మంచి ప్రశ్నలు వేశారు" అని మాస్టారు నాతో అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

ముందు చేసిన పని ఆయన నోరు మూయించడం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో సెక్షన్ 50 సబ్‌సెక్షన్ 8 కింద అసిస్టెంట్ కన్జర్వేటర్ స్థాయికి తగ్గని అధికారి, నిందితుడి ఎదుట సాక్ష్యం రికార్డు చేస్తే, సబ్‌సెక్షన్ 9 ప్రకారం అది తర్వాత కోర్టులో చెల్లుతుంది. ఇంటికొచ్చినవాళ్ళు ఆ స్థాయి కాదు. సోమవారం కూర్చోబెట్టబోయేది ఆ స్థాయి ఆయన ముందు. అందుకే "మాస్టారూ, రేపు మీరు నాతో వస్తున్నారు, అడిగినదానికి జవాబు చెప్తారు, పక్షుల గురించి ఒక్క ముక్క ఎక్స్‌ట్రా చెప్పరు" అని మాట తీసుకున్నా. ఆ మాట నిలబెట్టుకోడానికి ఆయన పడ్డ అవస్థ చూడాల్సిందే.

ఇప్పుడు చట్టం. ట్రోఫీ అనగానే మనకి జమీందారు బంగళా గోడమీద పులి తల గుర్తొస్తుంది కదా, చట్టంలో ఆ మాటకి అర్థం చాలా పెద్దది. వన్యప్రాణి శరీరం మొత్తం గానీ అందులో ఏ భాగం గానీ దాచి ఉంచితే ట్రోఫీనే, కొమ్ము, ఎముక, చిప్ప, వెంట్రుక, ఈక, గోరు, పన్ను, గుడ్లు, గూళ్ళు అన్నీ పేరుపేరునా రాసి ఉన్నాయి. అంటే హాల్లో డెకరేషన్‌కి వేలాడే గిజిగాడి గూడు కూడా! మన ఊళ్ళో ఎన్ని ఇళ్ళల్లో, ఎన్ని రెస్టారెంట్లలో ఉంటాయో లెక్కే లేదు. దాని పైన సెక్షన్ 57 ఉంది, అదే అసలు కత్తి. మామూలు క్రిమినల్ కేసులో నేరం రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషన్. ఇక్కడ వస్తువు నీ దగ్గర ఉందని వాళ్ళు చూపిస్తే చాలు, అది అక్రమం కాదని చూపించుకోవాల్సింది నువ్వు. 28 ఏళ్ళ కిందట మెట్ల దారిలో దొరికిన పాలపిట్ట ఈక ఆ పిట్ట తనంతట తానే రాల్చిందని ఎవరు సాక్ష్యం చెప్తారు?

ఆ రాత్రి సీజర్ లిస్టు (జప్తు చేసినవాటి జాబితా) కాపీ డైనింగ్ టేబుల్ మీద పరుచుకుని నాలుగు రంగుల పెన్నులతో మార్కు చేశాను, ఎందుకంటే ఒకే ఆల్బమ్‌లో ఉన్నా చట్టం ముందు ఈ ఈకలన్నీ ఒకటి కాదు.

నెమలీకలకి ఆకుపచ్చ. నెమలి షెడ్యూల్ 1 పక్షి, అంటే చట్టం అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఇచ్చే జాబితాలోది, 1963 నుంచి జాతీయ పక్షి, చంపితే బెయిలు దొరకడమే కష్టం. అయినా దాని తోక ఈకకి మాత్రం చట్టమే తలుపు తెరిచి పెట్టింది. చేతులు మార్చడం, వ్యాపారం గురించిన సెక్షన్ 43, 44, 49ఏ మూడింట్లోనూ నెమలి తోక ఈకలకీ వాటితో చేసిన వస్తువులకీ మినహాయింపు ఉంది. గుళ్ళో స్వామికి పెట్టే పింఛం, దర్గా దగ్గర ఆశీర్వాదానికి తలమీద ఆనించే ఈకల కట్ట, బీచ్ రోడ్డులో అమ్మే విసనకర్రలు, ఇవన్నీ దానిమీదే నడుస్తున్నాయి. నెమలి ఏటా వానాకాలం అయ్యాక పింఛం రాల్చేస్తుంది కాబట్టి ఏరుకున్నవాడిని పట్టుకోవడం న్యాయం కాదని ఆ మినహాయింపు. (మాస్టారు అయితే ఇక్కడ కూడా ఊరుకోలేదు, మనం తోక అనేది అసలు తోకే కాదు సార్, తోక మీద కప్పు ఈకలవి, అసలు తోక వాటి కింద గోధుమరంగులో పొట్టిగా ఉంటుంది అన్నాడు. దయచేసి ఈ మాట రేపు అనకండి అన్నా.) మినహాయింపు తోకకే, మెడ మీది నీలం ఈకలకి లేదు, రెక్క ఈకలకి లేదు, కాళ్ళకీ గోళ్ళకీ నూనెకీ లేదు. మినహాయింపు ఉంది కదా అని పీకిన ఈకలు తెస్తే అది మళ్ళీ వేట కేసే. తేడా కాడ మొదట్లో తెలుస్తుంది. రాలిన ఈక కాడ చివర పొడిగా, తెల్లగా, మూసుకుపోయి మొద్దుగా ఉంటుంది, పీకినదానికి అక్కడ ఎండిన రక్తమో చర్మం పొరో అంటుకుని ఉంటుంది. మాస్టారి 11 ఈకల్నీ తర్వాత ఆఫీసులో భూతద్దం పెట్టి చూశారు, పదకొండూ శుభ్రంగా ఉన్నాయి. దేశం దాటించడం మాత్రం పూర్తిగా నిషేధం, రాలినదైనా సరే. ఈ కేసు అయిపోయిన చాలా రోజులకి, 2024 అక్టోబర్‌లో, ముంబై దగ్గర నవా షేవా పోర్టులో డీఆర్ఐ (స్మగ్లింగ్ పట్టుకునే కేంద్ర రెవెన్యూ ఇంటెలిజెన్స్) వాళ్ళు సుమారు 28 లక్షల నెమలి తోక ఈకలు పట్టుకున్నారు, అదీ ఈ వ్యాపారం సైజు.

రెండో గుట్ట నీలం: పాలపిట్ట, లకుముకి, రామచిలుక, గుడ్లగూబ, ఏట్రింత, గిజిగాడు. అప్పటి చట్టంలో ఇవన్నీ షెడ్యూల్ 4, అంటే రక్షణ తక్కువ ఉన్న జాబితా. ఇక్కడ నాకు ఒక మంచి వాదన దొరికింది. సెక్షన్ 39 ప్రకారం ప్రభుత్వ ఆస్తి అయ్యేది వేటాడిన జంతువు, చచ్చి దొరికిన జంతువు, అలాంటిదాని నుంచి నేరం ద్వారా వచ్చిన ట్రోఫీ. మరి ఈక రాల్చేసి హాయిగా ఎగిరిపోయిన పిట్ట ఇందులో ఎక్కడుంది? దాన్ని వేటాడలేదు, చావలేదు, దాని విషయంలో ఏ నేరమూ జరగలేదు. లీగల్‌గా చూస్తే గట్టి పాయింటే. కానీ దీన్ని నిలబెట్టాలంటే ట్రయల్ నడవాలి, ట్రయల్‌లో సెక్షన్ 57 దాటాలి, ఓడితే హైకోర్టు, అప్పటికి మాస్టారికి 80 దాటుతాయి. లాయర్లకి అందమైన పాయింట్లంటే మోజు, బోనులో నిలబడేది మాత్రం మనం కాదు.

మూడో గుట్ట ఎరుపు. చీటీల్లో నాలుగింటిమీద "కంబాలకొండ, 2012" అని ఉంది. కంబాలకొండ శాంక్చురీ, అంటే వన్యప్రాణుల అభయారణ్యం. సెక్షన్ 29 ప్రకారం శాంక్చురీ లోంచి పర్మిట్ లేకుండా ఏ వన్యప్రాణి సంబంధమైనదీ తీసుకురాకూడదు. ఇది పెద్ద భయం కాదు, అసలు భయం సెక్షన్ 2లో వేటకి ఇచ్చిన అర్థం. అందులో చంపడం, ఉచ్చు వేయడంతో పాటు జంతువు శరీరంలో ఏ భాగాన్నైనా తీసుకోవడం అని కూడా ఉంది. కిందపడ్డ ఈక ఎత్తుకోవడం శరీర భాగాన్ని తీసుకోవడమే అని ఎవరైనా పట్టుబడితే అది శాంక్చురీలో వేట అవుతుంది, దానికి కనీసం 3 ఏళ్ళు జైలు, 7 ఏళ్ళ దాకా వెళ్ళొచ్చు, రాజీ (డిపార్ట్‌మెంట్‌కి డబ్బు కట్టి కేసు ముగించుకోవడం) కుదరదు. ట్రెక్కింగ్ దారిలో టికెట్ కొనుక్కుని నడిచిన ముసలాయన వేటగాడు అయిపోతాడు. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టనిది ఈ నాలుగు ఈకల వల్లే.

నాలుగోది నలుపు: కవర్లో ఉన్న 3 పెద్ద ఈకలు. చీటీ "సముద్రపు గద్ద, భీమిలి, 2006". డేగలు, గద్దల కుటుంబం మొత్తం అప్పటి షెడ్యూల్ 1లో ఉంది. నెమలి తోకకి ఉన్న తలుపు దీనికి లేదు. ఇది నిలబడితే మిగతా వాదనలన్నీ దండగ.

చూడండి, ఈ నాలుగు గుట్టలూ చేయగలిగానంటే కారణం మాస్టారి చీటీలే, ప్రాసిక్యూషన్‌కి కేసు తయారు చేసి పెట్టినవీ అవే. పక్షి పేరు, చోటు, తేదీ, స్వహస్తాలతో. చీటీలు లేకపోతే కంబాలకొండ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. అలాగే, ఒక్కో ఈకా వేరువేరు ఏడాది, వేరువేరు చోటు, ఒక్కో పక్షికి ఒకటే ఈక అని చూపించి ఇది వ్యాపారం కాదు, వేట కాదు అని నేను వాదించగలిగిందీ వాటివల్లే. వేటగాడి దగ్గర ఒకే పిట్టవి గుప్పెడు ఉంటాయి.

సోమవారం ముందస్తు బెయిల్ పిటిషన్ వేశాను, వయసు, వృత్తి, ఆల్బమ్ స్వభావం చూసి సెషన్స్ కోర్టులో వారంలో వచ్చింది. ఆఫీసులో స్టేట్‌మెంట్ కూడా సాఫీగానే అయింది, ఒక్కచోట తప్ప. వాళ్ళు ఏట్రింతని కాకి అని రాశారు, మాస్టారు కుర్చీలోంచి లేచిపోబోయాడు, నేను మోకాలి మీద చెయ్యేసి నొక్కాను.

మలుపు ఎక్కడొచ్చిందంటే మా జూనియర్ దగ్గర. నా ఫోన్లో వీడియో స్క్రీన్‌షాట్ పెద్దది చేసి ఆ 3 ఈకలు చూస్తున్నా. ముదురు గోధుమరంగు మీద అడ్డంగా తెల్ల పట్టీలు, చివరిదాకా, కొలబద్ద పెట్టి గీసినట్టు. వాడిది చోడవరం దగ్గర ఊరు, భుజం మీంచి తొంగి చూసి "సార్ ఇది గద్దేటి, టర్కీ కోడి కదా, మా బాబాయి పెంచుతాడు, ఇంట్లో బోలెడు ఈకలు" అన్నాడు. అప్పుడు తెల్లపొట్ట సముద్రపు గద్ద ఫోటోలు వెతికి పక్కన పెట్టి చూశాను, దాని రెక్క ఈకలు బూడిద నలుపు, ఇలాంటి పట్టీలే లేవు. టర్కీ పెంపుడు పక్షి, మన వన్యప్రాణి చట్టానికి దానితో పనే లేదు.

జూనియర్ మాట అఫిడవిట్‌లో పెట్టలేం కదా. శాంపిల్ హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీలో భాగమైన, వన్యప్రాణుల డీఎన్ఏ పరీక్షలు చేసే లాకోన్స్ ల్యాబ్‌కి పంపమని రాతపూర్వకంగా అడిగాం, డిపార్ట్‌మెంట్ కూడా ఒప్పుకుంది, నిజం చెప్పాలంటే వాళ్ళకీ ఈ కేసు లాగాలని లేదు. రాలిన ఈకలో డీఎన్ఏ ఎక్కడుంటుంది అనుకున్నా ముందు, కాడ లోపల మొదలు దగ్గర మిగిలే కణాల్లో, చిన్న రక్తపు గడ్డలో ఉంటుందట. రిపోర్టు రావడానికి ఐదు నెలలు పట్టింది. టర్కీ కోడే.

ఈ ఐదు నెలల్లో న్యూజెర్సీలో ఉన్న మాస్టారి కూతురు వారానికోసారి ఫోను. ఇండియాలో ఇదేం చట్టం అంకుల్, పిట్ట రాల్చిన ఈకకి కూడా కేసా అని. అమ్మా, నువ్వున్న చోట ఇంకా ఘోరం అన్నా. అమెరికాలో 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం కింద మీ పెరట్లో పడ్డ బ్లూ జే ఈక ఇంట్లో పెట్టుకున్నా తప్పే, రాలిందా పీకిందా అన్న ప్రశ్నే లేదు. గద్దలకైతే 1940 నుంచి వేరే చట్టం, అక్కడి మూలవాసులకి పూజలకి కావాలంటే కొలరాడోలో ప్రభుత్వ భాండాగారానికి అర్జీ పెట్టుకుని ఏళ్ళ తరబడి ఆగాలి. గద్ద ఈక బదులు అక్కడ రంగు వేసిన టర్కీ ఈకలు వాడతారని కూడా అప్పుడే చదివాను, మన కేసుకి ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఇంత కఠినం ఎందుకంటే అప్పట్లో ఆడవాళ్ళ టోపీలకి ఈకల ఫ్యాషన్ వచ్చి కొంగల గుంపులకి గుంపులే చచ్చాయి, చేతిలో ఉన్న ఈక చంపి తెచ్చిందో ఏరి తెచ్చిందో అధికారికి తెలీదు, అందుకని మొత్తానికే మూసేశారు. మన దగ్గర కూడా అదే కారణంతో 1902లోనే అడవి పక్షుల ఈకల ఎగుమతి ఆపారు.

రిపోర్టు వచ్చాక నల్ల గుట్ట పోయింది, ఆకుపచ్చకి మినహాయింపు ఉంది. ఎరుపు మిగిలింది. దానికి నేను చేసింది సింపుల్, ఆ నాలుగు ఈకల కాడలు కూడా భూతద్దం కింద పెట్టించి అన్నీ రాలినవే అని నోట్ చేయించాను, పక్షిని ముట్టుకోనిది వేట కాదు, మహా అయితే సెక్షన్ 29 కింద పర్మిట్ లేకుండా తీసుకురావడం అని రాతపూర్వకంగా ఇచ్చాను. ఒప్పుకున్నారు. ఇక మిగిలినవాటికి సెక్షన్ 54 కింద రాజీ. అప్పటి పరిమితి 25 వేలు, మాస్టారికి 15 వేలు వేశారు. నా అందమైన పాయింట్ ఏ కోర్టూ వినకుండానే ఫైల్లో ఉండిపోయింది. 2020 ఫిబ్రవరిలో కేసు క్లోజ్, ఇంకో నెల లేటైతే లాక్‌డౌన్‌లో ఇరుక్కునేది.

ఇదే కేసు ఇవాళ వస్తే ఎలా అని అడుగుతారు కాబట్టి చెప్తున్నా. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. షెడ్యూళ్ళు ఆరు నుంచి నాలుగు అయ్యాయి, జంతువులకీ పక్షులకీ 1, 2 మాత్రమే. పాత 4లో కుటుంబం పేరుతో ఉన్న పిట్టల్ని ఇప్పుడు ఒక్కోదాన్నీ శాస్త్రీయ నామంతో వెతుక్కోవాలి, కొన్ని 1లోకి ఎక్కాయి, కాబట్టి పాత లిస్టు చూసి క్లయింటుకి ధైర్యం చెప్పకండి. మామూలు నేరానికి జరిమానా 25 వేల నుంచి లక్షకి, షెడ్యూల్ 1కి కనీస జరిమానా 10 వేల నుంచి 25 వేలకి, రాజీ మొత్తం 5 లక్షల దాకా పెరిగాయి. తాతల నాటి స్టఫ్ చేసిన పక్షో కొమ్ములో ఓనర్‌షిప్ సర్టిఫికెట్‌తో ఉండి వద్దనుకుంటే సెక్షన్ 42ఏ కింద 7 పని దినాల ముందు నోటీసిచ్చి సరెండర్ చేయొచ్చు, డబ్బేమీ రాదు. వారసత్వంగా వస్తే 90 రోజుల్లో డిక్లేర్ చేయాలి, ఇది సవరణకి ముందు నుంచీ ఉంది, మన ఓల్డ్ టౌన్ పాత ఇళ్ళు పంచుకునేటప్పుడు ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఇంకోటి, సెక్షన్ 39 వర్తించేది ఏదైనా చేతికొస్తే 48 గంటల్లో దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో అటవీ అధికారికో చెప్పాలి. డాబా మీద ఈక కనిపిస్తే ఏం చేయాలని నన్నడిగితే ఫోటో తీసుకుని అక్కడే వదిలేయమంటాను.

ఆల్బమ్ తిరిగి రాలేదు. నెమలీకలు 11, టర్కీవి 3 మాత్రం ఇచ్చేశారు, వాటిమీద వాళ్ళకి హక్కు లేదు కదా. సంతకం పెట్టి తీసుకుని కవరు పట్టుకుని ఆఫీసు మెట్లు దిగుతూ మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. డబ్బు గురించి అనుకున్నా. ఆటో ఎక్కబోతూ అన్నాడు, "13 ఏళ్ళు సార్. ఇంటికొచ్చిన ప్రతి పిల్లాడికీ ఇది సముద్రపు గద్ద ఈక అని చూపించా."

తర్వాత ఫీజు బ్యాలెన్స్ ఇవ్వడానికి పిలిస్తే వెళ్ళాను. ఇత్తడి చెంబులో నెమలీకలు మళ్ళీ ఉన్నాయి, పక్కన కొత్త నోటుపుస్తకం, అందులో ఫోటోలు, నేలమీద పడున్న ఈక, పక్కన సైజు తెలియడానికి అగ్గిపెట్టె. మొదటి పేజీలో మాత్రం నిజం ఈకలే, మూడు, అదే తెల్లదారం, అదే రెండు కుట్లు. పాత చీటీ పీకేయలేదు. సముద్రపు గద్ద అన్నదాన్ని ఒకే గీతతో కొట్టేసి, కింద నీలి ఇంకుతో, టర్కీ కోడి (పెంపుడుది) అని రాసుకున్నాడు.